పాత సైకిళ్ల టైర్ల సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర ఐదు పాత సైకిళ్లున్నాయి. అందులో ఒకటి నాన్న తొక్కిన హెర్క్యులిస్. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇలా పాత సైకిళ్లు దాచుకున్నవాళ్లు కలిసినప్పుడు ముందు పెయింటు గురించి, తర్వాత నికెల్ పూత గురించి, ఆ తర్వాత బెల్లు గురించి మాట్లాడతారు. టైరు సంగతి లేచి వెళ్లేటప్పుడు గుర్తొస్తుంది. నిజానికి సైకిలు మొత్తంలో ఒకసారి పోతే తిరిగి రానిది టైరే. తుప్పు పట్టిన రిమ్ముకు మళ్లీ పూత వేయించుకోవచ్చు, విరిగిన చక్రం పుల్ల (స్పోక్) మార్చుకోవచ్చు, చిరిగిన సీటుకు కొత్త తోలు కుట్టించుకోవచ్చు. పగిలిన రబ్బరును మాత్రం ఎవరూ మళ్లీ రబ్బరు చేయలేరు. అందుకే నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

పశువుల కొట్టంలో తాతగారి సైకిలు దొరికింది. టైర్లు నేలకు అణిగిపోయి ఉన్నాయి. ముందు ఏం చేయాలి?

గాలి మాత్రం కొట్టకండి. దొరికిన సంతోషంలో అందరూ ముందు పంపు కోసమే వెతుకుతారు. ఇరవై, ముప్పై ఏళ్లు ఒకే చోట మడతపడి ఉన్న రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఒక్కసారిగా గాలి నింపితే ఆ మడత దగ్గరే చిట్లుతుంది.

దొర్లించుకుంటూ కూడా తీసుకురావద్దు. గాలి లేని టైరు మీద చక్రం తిరిగితే రిమ్ము అంచు టైరు పక్కగోడను కత్తిలా కోసేస్తుంది. ఆటోలో వేసుకుని రండి. ఇంటికొచ్చాక సీటు కింద, హ్యాండిల్ కింద గోనెపట్టా మడిచి వేసి, సైకిలును తలకిందులుగా నిలబెట్టండి. టైరు మీద బరువు పోవాలి. రెండు రోజులు నీడలో అలాగే వదిలేయండి.

చంద్రగిరి పక్క పల్లెలో నాకు ఒక సైకిలు ఇలాగే దొరికింది. పంపు తీసుకునేలోపు పక్కనే ఉన్న పెద్ద మెకానిక్ నా చెయ్యి పట్టుకుని, "గాలి కొట్టబాకు నాయనా, ముందు దాన్ని చూడు" అన్నాడు. టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపించాడు. నొక్కిన చోట గుంట పడలేదు. చెప్పు అట్టలా టక్కుమంది. దగ్గరికి వంగి చూస్తే మడత పొడవునా గోరు దూరేంత చీలిక, అందులో బూడిదరంగు నూలు పోగులు కనిపించాయి. ఆ టైరు అప్పటికే అయిపోయింది. గాలి కొట్టి ఉంటే ట్యూబు బయటికి తన్నుకొచ్చేది, అంతే.

టైరు ఇంకా తొక్కడానికి పనికొస్తుందా లేదా అని ఎలా తేల్చుకోవాలి?

పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద సన్నని పగుళ్లు కనిపించవు. టైరును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బయటివైపు వంచండి.

పైపైన వెంట్రుకల్లాంటి గీతలుండి, వంచినా వాటి అడుగు నల్లగానే కనిపిస్తే అది రబ్బరు పైపొరలో వచ్చిన పగులు. అలాంటి టైరు మీద నెమ్మదిగా, దగ్గరి దూరాలకు తొక్కవచ్చు. వంచినప్పుడు పగులు లోపల నూలు పోగులు కనిపిస్తే తొక్కవద్దు. గాలి ఒత్తిడిని మోసేది రబ్బరు కాదు, ఆ పోగులే. రబ్బరు వాటికి తొడుగు మాత్రమే. తొడుగు తెరుచుకుంటే వాన నీరు లోపలికి పోతుంది, నూలు పుచ్చిపోతుంది, ఒకరోజు నడిరోడ్డు మీద టైరు పేలుతుంది.

రిమ్ములో కూర్చునే అంచును తప్పకుండా చూడాలి. ఆ అంచులో ఇనుప తీగ ఉంటుంది. తుప్పు నీళ్లు కారిన మరకలున్నా, తీగ బయటికి పొడుచుకొచ్చినా ఆ టైరు గోడకు తగిలించుకోవడానికే. గాలి కొట్టాక ఎక్కడైనా బొడిపెలా ఉబ్బితే వెంటనే గాలి తీసేయండి. లోపల పోగులు తెగాయని అర్థం.

అసలు రబ్బరు ఎందుకు పగులుతుంది? వాడకుండా దాచిపెట్టినా ఎందుకు పాడవుతుంది?

చాలామంది ఎండ ఒక్కటే కారణం అనుకుంటారు. ఎండ ఒక కారణమే. దానికంటే పెద్ద శత్రువు గాలిలోని ఓజోన్. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ వాయువే నేల దగ్గర కూడా కొద్దిగా పుడుతుంది. వాహనాల పొగ మీద ఎండ పడినప్పుడు అది పెరుగుతుంది. రబ్బరు అణువులు పొడుగాటి గొలుసుల్లా ఉంటాయి. ఓజోన్ ఆ గొలుసులను తుంచుతుంది. అయితే సాగి ఉన్న రబ్బరు మీదే పగులు విచ్చుకుంటుంది. అందుకే ఓజోన్ పగుళ్లన్నీ ఒకే దిక్కులో, రబ్బరు సాగిన వైపుకు అడ్డంగా వస్తాయి. గాలి పోయి మడతపడ్డ టైరు ఆ మడత దగ్గరే ముందు పగలడానికి కారణం ఇదే. అక్కడ రబ్బరు ఏళ్ల తరబడి సాగే ఉంటుంది.

రెండోది వేడి. మామూలు ఆక్సిజన్ కూడా రబ్బరును నెమ్మదిగా గట్టిపరుస్తూ ఉంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ పని ఇంచుమించు రెట్టింపు వేగంతో జరుగుతుందని ఉజ్జాయింపు లెక్క. రోహిణిలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో తిరుపతిలో నలభై దాటిన మధ్యాహ్నం రేకుల షెడ్డులోకి వెళ్లి చూడండి, బయటికంటే లోపలే ఎక్కువ ఉడుకుతూ ఉంటుంది.

దాచిపెట్టినా పాడవడానికి ఇంకో కారణముంది. టైరు తయారుచేసేటప్పుడే రబ్బరులో కొంత మైనం, ఓజోన్‌ను అడ్డుకునే మందులు కలుపుతారు. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటే ఆ మైనం కొద్దికొద్దిగా పైకి వచ్చి సన్నని పొరగా పరుచుకుంటుంది. కదలని టైరులో ఆ పొర సరిగా తయారుకాదు. అందుకే పనికొచ్చే టైరున్న సైకిలును నెలకు ఒకటి రెండుసార్లు తొక్కమంటాను. తెల్లవారుజామున కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు ఒక అరగంట తొక్కితే ఏ పాలిషూ ఇవ్వని రక్షణ ఆ టైరుకు దొరుకుతుంది.

టైరు నల్లగా మెరవడానికి పాలిష్ పూయవచ్చా?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. వివరంగా చెబుతాను.

టైర్ పాలిష్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెట్రోలియం ద్రావకంలో సిలికాన్ నూనె కలిపింది. చూడటానికి జిడ్డుగా, నీళ్లలా పారదర్శకంగా ఉంటుంది. మూత తీస్తే కిరోసినో, థిన్నరో వాసన వస్తుంది. సీసా మీద మంట గుర్తు ఉంటుంది. రెండోది నీళ్లలో కలిపింది. పాలలా తెల్లగా ఉంటుంది, ఘాటు వాసన ఉండదు, సీసా మీద వాటర్ బేస్డ్ అని రాసి ఉంటుంది.

మొదటి రకాన్ని పాత టైరు దరిదాపులకు రానీయకండి. ఆ ద్రావకం రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. ఇందాక చెప్పిన మైనాన్ని, రక్షణ మందులను కరిగించి బయటికి లాగేస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక వెనక మిగిలేది అంతకుముందుకంటే పొడిబారిన రబ్బరు. అది మళ్లీ వెలవెలబోయి కనిపిస్తుంది, మళ్లీ పూస్తాం. ప్రతి పూతతోనూ టైరు వయసు తగ్గుతుంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అదే.

ఇది నాకు జరిగింది. నాన్న హెర్క్యులిస్ వెనక టైరు అప్పటికి బాగానే ఉంది. అక్షరాలు స్పష్టంగా కనిపించేవి, వంచితే వంగేది. ఒక పెళ్లికి సైకిలును అలంకరించి పెడదామని వాహనాలు కడిగే ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు కార్లకు కొట్టే జిడ్డు పాలిష్‌నే స్ప్రేతో కొట్టారు. ఆ సాయంత్రం టైరు అద్దంలా మెరిసింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి పక్కగోడ మీద దుమ్ము జిడ్డులా పేరుకుంది. తుడిస్తే గుడ్డకు గోధుమరంగు అంటింది. ఆ ఎండాకాలం దాటేసరికి కంపెనీ పేరున్న చోట అక్షరాల మధ్య నుంచే పగుళ్లు మొదలయ్యాయి. నాన్న ఆ టైరు మీద బడికి వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేవాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీకు అలా జరగకూడదని ఇంత చెబుతున్నాను.

ఇక రెండో రకం. తప్పదనుకుంటే దాన్ని వాడవచ్చు, కానీ పద్ధతిగా వాడాలి. టైరు ముందే కడిగి ఆరి ఉండాలి. స్ప్రే చేయకండి. చిన్న స్పాంజి ముక్క మీద నాలుగైదు చుక్కలు వేసుకుని పక్కగోడ మీద పలచగా రాయండి. పది నిమిషాలు ఆగి, పాత బనియన్ గుడ్డతో బాగా తుడిచేయండి. చేత్తో రుద్దితే జిడ్డు అంటకూడదు. అప్పుడు టైరు మెరవదు, కొత్త పలకలా నిండు నలుపుగా కనిపిస్తుంది. పాత టైరుకు ఆ నలుపే అందం. మూడు నాలుగు నెలలకు ఒకసారి చాలు.

నేలను తాకే భాగం మీద ఏ రకమూ రాయకూడదు. మలుపులో జారిపోతారు. బ్రేకు రబ్బర్లు తాకే చోట కూడా అంటకూడదు. పక్క నుంచి రిమ్మును పట్టే బ్రేకున్న స్పోర్ట్స్ సైకిళ్లలో టైరు, బ్రేకు పట్టే గోడ ఆనుకునే ఉంటాయి కాబట్టి ప్రమాదం ఎక్కువ. మన పాత రోడ్‌స్టర్ సైకిళ్ల (పాలవాళ్లు తొక్కే పెద్ద సైకిళ్లు) రాడ్ బ్రేకు, అంటే ఇనుప కడ్డీలతో లాగే బ్రేకు, రిమ్మును లోపలివైపు నుంచి, అంటే ఇరుసు వైపు నుంచి పడుతుంది. జిడ్డు కారితే అక్కడికీ చేరుతుంది.

కొబ్బరినూనె, కిరోసిన్, బూటు పాలిష్, బ్రేక్ ఆయిల్, గ్లిజరిన్: వీటిలో ఏది మంచిది?

కిరోసిన్, డీజిల్ అసలు వద్దు. ఇవి రబ్బరును బాగా ఉబ్బిస్తాయి. పాత రబ్బరు ముక్కను కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే పక్కన నానబెట్టని ఇంకో ముక్క పెట్టి చూడండి.

కొబ్బరినూనె మన ఇళ్లలో అన్నిటికీ మందే. టైరుకు మాత్రం కాదు. నూనెలు సహజ రబ్బరును కాలం గడిచేకొద్దీ మెత్తబరిచి బంకగా చేస్తాయి. పైగా దుమ్ము పట్టేస్తుంది. ఆ నూనె మీ గాలిపంపు లోపలి తోలు వాషరుకు వేయండి, అక్కడ దాని అవసరముంది.

బూటు పాలిష్‌లో మైనంతోపాటు ద్రావకాలుంటాయి. వద్దు. బ్రేక్ ఆయిల్ సంగతి కొంచెం వేరు. అది రబ్బరును అంతగా పాడుచేయదు, లారీవాళ్లకు దాన్ని టైర్లకు రాసే అలవాటు అలాగే వచ్చి ఉంటుంది. కానీ ఒక్క చుక్క మీ ఫ్రేము మీద పడితే అరవై ఏళ్ల నాటి ఎనామెల్ పెయింటు పొక్కులు లేచి ఊడిపోతుంది. ఫోర్కు మీద బంగారు గీతలున్న సైకిలు పక్కన ఆ సీసాను తెరవకండి.

గ్లిజరిన్ రబ్బరుకు హాని చేయదు. కొద్దిగా నీళ్లు కలిపి, గుడ్డతో రాసి తుడిచేయవచ్చు. గోడకు పెట్టిన సైకిలుకు నేను వాడేది అదే. తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో మానేస్తాను.

కడగడం ఎలా?

కుంకుడుకాయ రసం. అంతకంటే మెత్తని సబ్బు నాకు దొరకలేదు. నాలుగు కాయలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసికి, వడకట్టి, పాత టూత్‌బ్రష్‌తో పక్కగోడ చుట్టూ ఒక జానెడు మేర చొప్పున రుద్దుతూ పోవాలి. అక్షరాల గాళ్లలో మన ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది. దాన్ని సూదితో గోకకండి, రెండోసారి తడిపితే అదే వదులుతుంది. బట్టల పౌడరు, యాసిడ్, పెట్రోలు వాడవద్దు. జెట్ నీళ్లు కొట్టించవద్దు, పగుళ్లలోంచి నీరు నూలులోకి పోతుంది. కడిగిన వెంటనే తుడిచి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. ముఖ్యంగా రిమ్ము అంచు దగ్గర తడి ఉండకూడదు.

టైరు మీద గోధుమరంగు పొర వస్తోంది. తుడిచినా మళ్లీ వస్తోంది. పాడైపోతోందా?

పాడవడం లేదు. రబ్బరులో కలిపిన రక్షణ మందు పైకి వచ్చి గాలి తగిలినప్పుడు ఆ రంగుకు మారుతుంది. టైరు తనను తాను కాచుకుంటోందని అర్థం. ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు తుడుచుకోండి, మిగతా రోజుల్లో వదిలేయండి.

డైనమో ఉన్న సైకిలుకు వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. దీని గురించి ఎవరూ ఆలోచించరు. సీసా ఆకారంలో ఉండే ఆ పాత డైనమో తల టైరు పక్కగోడను రాసుకుంటూ తిరుగుతుంది. అక్కడ జిడ్డు ఉంటే తల జారుతుంది, లైటు మిణుకుమిణుకుమంటుంది. లైటు సరిగా రావడం లేదని స్ప్రింగు బిగిస్తే, అది టైరును ఇంకా కొరికేస్తుంది.

చక్రాన్ని వేలితో తిప్పుతూ డైనమో తల తాకే చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. చుట్టూ పావు అంగుళం వెడల్పున ఒక దారి కనిపిస్తుంది. చాలా టైర్ల మీద ఆ దారిలో సన్నని నిలువు గీతలు ముందే పోతపోసి ఉంటాయి, పట్టు కోసం. ఆ గీతలు పూర్తిగా అరిగి నునుపెక్కాయంటే డైనమో వాడకం ఆపాల్సిన సమయం వచ్చింది. డైనమోను కాస్త వంచి అమర్చుకోండి, తల మధ్యగీత నేరుగా చక్రం ఇరుసును చూడాలి. అడ్డంగా కూర్చుంటే ఆకురాయి రుద్దినట్టు పక్కగోడను తినేస్తుంది. పగటిపూట డైనమోను టైరుకు ఆనించి వదిలేయకండి. కదలని సైకిలు మీద రోజంతా ఒకేచోట నొక్కి ఉంటే అక్కడ గుంట పడుతుంది.

షాపులో 28 సైజు అడిగితే ఇచ్చిన టైరు ఎక్కడం లేదు. ఎందుకు?

28 అనే అంకె ఒక్కటే చెబితే చాలదు. మన రోడ్‌స్టర్లకు వాడే 28×1½ టైరు అంచు వ్యాసం 635 మి.మీ. ఈ రోజుల్లో 700సీ అని పిలిచే టైరు మీద కూడా కొన్నిసార్లు 28 అని అచ్చువేస్తారు. దాని వ్యాసం 622. తేడా 13 మి.మీ. 622 టైరు 635 రిమ్ముకు ఎక్కదు. 635 టైరును 622 రిమ్ముకు వేస్తే వదులుగా కూర్చుని, గాలి నిండగానే ఎగిరి బయటికొస్తుంది. 27×1¼ అయితే 630. అయిదే మిల్లీమీటర్లు కదా అని బలవంతం చేయకండి.

పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ సైకిళ్లకు వచ్చే 26×1⅜ వ్యాసం 590. కానీ అమెరికా ష్విన్ సైకిళ్ల మీద అదే 26×1⅜ అని రాసి ఉన్నా వ్యాసం 597. ఇక్కడ కొందరి దగ్గర ఉన్న 26×1½ వ్యాసం 584. అందుకే అంగుళాలు నమ్మకండి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది అంచు వ్యాసం. రెండో అంకె రిమ్ముకు సరిపోతే చాలు.

28×1½ కొత్త టైర్లు దొరకడం కష్టం కాదు. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు తొక్కే సైకిళ్లు ఇప్పటికీ అవే. 26×1⅜ కోసం మాత్రం మేము ఎక్కువగా చెన్నై వెళ్తుంటాం.

అసలు కంపెనీ టైర్లే ఉంచుకోవాలా, కొత్తవి వేయాలా?

రెండూ చేయండి. సైకిలుతోపాటు వచ్చిన టైరు దాని జన్మపత్రిక లాంటిది. చెన్నై అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ హెర్క్యులిస్ కానీ, బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో తయారైన సేన్-ర్యాలీ కానీ, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ నుంచి ఓడలో వచ్చిన ర్యాలీ కానీ, దాని టైరు మీద ఉన్న అక్షరాలు, పువ్వుల్లాంటి పట్టు గుర్తులు ఆ కాలం గురించి చెబుతాయి. బెంగాల్‌లోని సాహాగంజ్ ఫ్యాక్టరీలో పోసిన డన్‌లప్ టైరు మళ్లీ కొత్తగా రాదు. దాన్ని తొక్కి అరగదీయడం నాకు మనస్కరించదు.

కాబట్టి తొక్కడానికి ఒక జత కొత్త టైర్లు, ట్యూబులు కొనుక్కోండి. పాతవి తీసి విడిగా దాచుకోండి. నలుగురికి చూపించే రోజున మళ్లీ ఎక్కించి, పది పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) మించకుండా, ఆకారం నిలిచేంత గాలే పెట్టండి. సైకిలును స్టాండు మీద ఉంచండి, ఎవరినీ ఎక్కనివ్వకండి.

పాత టైరును రిమ్ము నుంచి తీయడమే అసలు పరీక్ష. స్క్రూడ్రైవరు పెట్టి పెకిలిస్తే అంచు చిరుగుతుంది. ఉదయపు లేత ఎండలో ఒక పావుగంట ఉంచితే రబ్బరు కొంచెం మెత్తబడుతుంది. అప్పుడు రెండు బొటనవేళ్లతో అంచును రిమ్ము మధ్య గుంటలోకి తోస్తూ, వాల్వు ఎదురుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టండి. తప్పకపోతే చెక్క గరిటె కాడ వాడండి. ఒక చక్రానికి గంట పట్టినా పరవాలేదు.

పాత స్టాకు టైరు, ఎప్పుడూ వాడనిది, దొరికింది. కొత్తదే కదా?

వాడలేదు, నిజమే. కానీ రబ్బరు వయసు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజే మొదలవుతుంది. మేకుకు వేలాడదీసి ఉంటే ఆ మేకు తాకిన చోట పగులు ఉండితీరుతుంది, ముందు అక్కడే చూడండి. అలంకారానికి కొనుక్కోండి, సవారీకి కాదు.

తెల్ల, మీగడరంగు టైర్ల సంగతేమిటి?

డన్‌లప్ టైర్లకు తన పేరు వచ్చిన జాన్ డన్‌లప్ 1888లో బెల్‌ఫాస్ట్‌లో తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు అమర్చిన కాలంలో టైరు నల్లగా ఉండేది కాదు. సహజ రబ్బరు రంగే లేతది, అందులో కలిపే జింక్ ఆక్సైడు తెలుపు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్బన్ బ్లాక్ అనే మసి కలపడం మొదలయ్యాకే టైరు నల్లబడింది, దానితో గట్టితనమూ వచ్చింది. ఆ మసి ఎండను తనలోకి తీసుకుని రబ్బరును కాస్తుంది. తెల్ల టైరుకు, గోధుమరంగు పక్కగోడలున్న టైరుకు ఆ కాపు ఉండదు, త్వరగా పెళుసుబారుతుంది. కాబట్టి వాటిని ఎండకు చూపించవద్దు. మరకలకు పిల్లలు వాడే రబ్బరు ముక్కతో మెల్లగా తుడవండి. నల్ల టైర్ల పాలిష్‌లేవీ వాటికి రాయకండి, పచ్చబడతాయి.

గాలి ఎంత పెట్టాలి? ఎండాకాలంలో తగ్గించాలా?

టైరు పక్కన రాసిన హద్దు దాటవద్దు. మంచి 28×1½ టైరుకు నలభై నుంచి యాభై పీఎస్‌ఐ మధ్య సరిపోతుంది. పాత టైరు అయితే కింది అంకె దగ్గరే ఆగండి. ఉదయం 25 డిగ్రీల్లో 45 పీఎస్‌ఐ పెడితే మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో అది 49 పీఎస్‌ఐ దాకా వెళ్తుంది. కొత్త టైరుకు అది లెక్కలోది కాదు, నీరసించిన పాత టైరుకు మాత్రం భారమే. పెట్రోలు బంకులోని యంత్రంతో కొట్టించకండి, చేతిపంపు వాడండి. చేతికి తెలుస్తుంది.

గాలి నిలవడం లేదంటే ముందు పంచరు అనుకోకండి. పాత వాల్వులో వానపాములా సన్నగా ఉండే రబ్బరు గొట్టం, వాల్ ట్యూబు, ఉంటుంది. మన వేడికి అది ఏడాదిలోనే బంకలా అయిపోతుంది. వేలికి ఉమ్మి తడి చేసి వాల్వు మూతి మీద పెట్టండి, బుడగ లేస్తే దోషం అక్కడే. కొత్త ముక్క తొడగడానికి రెండు నిమిషాలు చాలు.

టైరు లోపలివైపు ఏం చేయాలి?

ట్యూబును లోపలి నుంచి చంపేది రిమ్ము తుప్పు. టైరు తీసినప్పుడల్లా రిమ్ము లోపల పుల్లల తలలు చూడండి, పొడుచుకొచ్చినవి ఆకురాయితో అరగదీయండి. తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడు పలచగా పూసి ఆరనివ్వండి. దాని మీద కొత్త రిమ్ము పట్టీ వేయండి. ట్యూబుకు, టైరు లోపలి గోడకు వాసన లేని టాల్కం పొడి చల్లి దులిపేయండి. పొడి లేకపోతే ఎండాకాలం పోయేసరికి ట్యూబు టైరుకు అతుక్కుపోతుంది. విడదీయబోతే రెండూ చిరుగుతాయి.

పగుళ్లను పంచరు సొల్యూషన్‌తోనో ఫెవిక్విక్‌తోనో పూడ్చవచ్చా?

వద్దు. జిగురు గట్టిపడి వంగదు, దాని పక్కన కొత్త పగులు మొదలవుతుంది.

తిరుపతి వాతావరణంలో సైకిలును, విడి టైర్లను ఎక్కడ దాచాలి?

మిద్దె మీద రేకుల గదిలో కాదు. ఇంట్లో కింది అంతస్తులో, ఉత్తరం గోడకు దగ్గరగా, కిటికీ ఎండ నేరుగా పడని చోటు చూడండి. నీళ్ల మోటారు, పిండిమర, వెల్డింగు షాపు, మిక్సీ దగ్గర పెట్టవద్దు. విద్యుత్ నిప్పురవ్వలు ఎగిరే చోటల్లా ఓజోన్ పుడుతుంది.

సైకిలును తాడుతో చక్రాలు నేలకు తాకకుండా వేలాడదీయడం మేలు. తాడు ఫ్రేముకు కట్టండి, చక్రానికి కాదు. వేలాడదీసే వీలు లేకపోతే స్టాండు వేసి, ముందు చక్రం కింద పాత దుప్పటి మడిచి వేయండి. టైర్లలో సగం గాలి ఉంచండి. పక్షానికి ఒకసారి చక్రాన్ని పావు వంతు తిప్పి, బరువు పడే చోటు మార్చండి. విడి టైర్లను మేకుకు తగిలించకుండా, గుండ్రంగా పరిచి ఒకదాని మీద ఒకటి, మధ్యలో టాల్కం పొడి చల్లి, నల్ల పాలిథిన్ సంచిలో గాలి తీసి కట్టండి. సంచి చీకటిని ఇస్తుంది, ఓజోన్‌ను ఆపుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వచ్చే వానల్లో సంచిని ఒకసారి విప్పి చూడండి. లోపల చెమ్మ ఉంటే నూలుకు బూజు పడుతుంది. చిత్తూరు బెల్లం మండీల చుట్టుపక్కల ఉండేవాళ్లు ఎలుకల సంగతి కూడా చూసుకోండి. నాకు తెలిసిన ఒకాయన దాచుకున్న జత టైర్లను అవి ఒక్క వారంలో కొరికిపారేశాయి.

ఆయుధ పూజకు సైకిలుకు పసుపు, కుంకుమ పెడతాం. టైరుకు ఏమైనా అవుతుందా?

పూజ మానవలసిన అవసరం లేదు. నాన్న ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఆ రోజు సైకిళ్లన్నీ వరండాలో బారుగా నిలబడతాయి. పసుపు, కుంకుమ పొడిగా ఉంటే నల్ల టైరుకు ఏమీ కాదు. తెల్ల టైరు అయితే పసుపు మరక పోదు, బొట్టు మడ్‌గార్డు మీద పెట్టండి. హారతి ఇచ్చేటప్పుడు కర్పూరం పళ్లెం చక్రానికి జానెడు దూరంలో ఉండాలి. కొందరు పూజకు ముందురోజు టైర్లకు కిరోసిన్ గుడ్డ పెట్టి నల్లగా మెరిపిస్తారు. ఆ ఒక్కటి మానేయండి, కుంకుడు రసంతో కడిగితే చాలు.

చక్రం కింద నిమ్మకాయ తొక్కించాక రసం టైరుకు, రిమ్ముకు అంటుతుంది. పులుపు రిమ్ము పూతను తింటుంది. ఆ సాయంత్రమే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి పెట్టండి.